పట్టాలకు పూసిన చందనం

మంగళవారం పొద్దున పదకొండు దాటాక ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "నాయన పోయినాడు" అన్నారు. నేను అప్పుడు ఇడ్లీ పిండి రుబ్బుతున్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ గ్రైండర్ దగ్గరికే వచ్చి నిలబడ్డాను. మినప్పప్పు ఇంకా నలగాలి, మధ్యలో ఆపితే పిండి పొంగదని ఆపలేదు. నలిగాక తీసి, ఉప్పు వేసి కలిపి, మూతపెట్టి, రాయి కడిగి, అప్పుడు చీర మార్చుకుని బయలుదేరాను. చావింట్లో పొయ్యి వెలిగించరన్న సంగతి కూడా తోచలేదు. మూడో రోజు పక్కింటావిడ వచ్చి, పులిసిపోయిన ఆ పిండిని పారబోసి గిన్నె కడిగి బోర్లించింది.

పోయింది మా మామ, మా ఆయన వాళ్ళ నాన్న. కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో ముప్పై ఏళ్ళకు పైగా ఫిట్టరుగా పనిచేసిన మనిషి. మా వైపు తెలుగులో మామను 'గారు' పెట్టి పిలవం. మామా అనే అంటాం, మర్యాద ఏమన్నా ఉంటే మాట్లాడే తీరులో చూపిస్తాం. ఎనభై దాటి చాలా ఏళ్ళయింది కాబట్టి చూడవచ్చిన వాళ్ళంతా ఇది నిండుగా బతికి పోయిన కల్యాణ చావు అన్నారు. "ఏడువు పాపా, ఏడిస్తే గుండె తేలికవుతాది" అని నా చెయ్యి పట్టుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. పక్కింటి నుంచి వచ్చిన కాఫీని గ్లాసుల్లో పోసి అందరికీ ఇచ్చాను. ఎవరికి చక్కెర వద్దో కూడా గుర్తుంది.

ఆయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. నేను చేసిన తప్పొకటి ఆయన తన నెత్తిన వేసుకున్నారు, అది నా తప్పు అని ఆయనకు తెలియదు అనుకుంటూ ముప్పై అయిదేళ్ళు గడిపాను. రేపు చెబుదాం, పండగయ్యాక చెబుదాం అంటూ జరుపుకొచ్చాను. ఇప్పుడు చెప్పడానికి మనిషి లేడు. ఆ తప్పు ఒక బొమ్మరైలుకు సంబంధించింది. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఆ రోజుల్లో వీధంతా నవ్వింది.

నా పుట్టిల్లు తిరుమంగళం. మదురై దాటాక నల్లరేగడి భూముల మధ్య పెరిగినదాన్ని, నోరు కొంచెం ఎక్కువే. పెళ్ళయి వచ్చింది మిల్లు లైను ఇంటికి. వరసగా ఇరవై ఇళ్ళు, ఒక్కో ఇంటికి రెండు గదులు, వెనక బట్టలుతికే రాయి. మిల్లు సంగు, అంటే సైరన్, రోజుకు మూడుసార్లు కూసేది. దాన్నిబట్టే మేము అన్నం వండేవాళ్ళం, దాన్నిబట్టే నిద్ర లేచేవాళ్ళం. మామ పని నుంచి వచ్చేసరికి కనుబొమల మీద దూది పేరుకుని ఉండేది. గడప బయటే చొక్కా విప్పి గోడకు మూడుసార్లు కొట్టి, దులిపి, అప్పుడు లోపలికి వచ్చేవారు. నాలుగోసారి కొట్టగా నేను ఎప్పుడూ చూడలేదు.

మాట తక్కువ మనిషి. ఉన్న నాలుగు మాటల్లో ఒకటి పదేపదే అనేవారు, "సగం తిప్పు వదిలిపెట్టు" అని. మరను చివరిదాకా బిగిస్తే దాని గాడి తెగిపోతుందట, అందుకని ఆఖరి సగం తిప్పు వదిలేయాలట. అత్త నాతో గట్టిగా మాట్లాడినా, మా ఆయన డబ్బా మూతను చివరిదాకా బిగించినా ఆయన నోట ఆ మాటే వచ్చేది.

పెళ్ళయి మూడేళ్ళయినా నాకు కడుపు పండలేదు. లైను ఇళ్ళలో గోడకు అటువైపు తుమ్మితే ఇటువైపు వినిపిస్తుంది, ఇక ఈ సంగతి ఎక్కడ దాగుతుంది? కుళాయి దగ్గర నన్ను చూడగానే మాటలు ఆగిపోయేవి. సరిగ్గా అప్పుడు మామ అన్నం గిన్నెల సంచిలో ఒక రేకు రైలింజన్ తెచ్చారు. మిల్లులో పాత స్టోరు ఖాళీ చేస్తుంటే తుప్పు సామాన్లలో దొరికిందట. తాళంచెవితో తిప్పితే నడిచే ఇంజన్, రెండు పెట్టెలు. చెవి లేదు. ఇంజనీరు కావాలంటే తీసుకుపొమ్మన్నాడట.

అత్త దాన్ని తుడిచి దేవుడి పటాల పక్కన పెట్టింది. "మంచి శకునం" అంది నా కడుపు వైపు చూస్తూ. నాకు ఒళ్ళు మండింది. నోటితో అనలేని మాటను బొమ్మతో అనిపించారు కదా అనుకున్నాను. రెండు రోజులు ఆయనకు అన్నం వడ్డించాను గాని మొహం చూడలేదు. మూడో రోజు ఆగలేక అడిగేశాను.

"మామా, ఆ బొమ్మ ఎవురికి తెచ్చినారు? ఈ ఇంట్లో ఆడుకునేవాళ్ళు లేరు కదా?"

ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగింది. అంతవరకు ఆయనకు ఆ ఆలోచనే రాలేదని ఆ మొహం చూస్తే తెలిసింది. ముద్దను కంచంలో పెట్టేసి అన్నారు.

"నాకుదా తెచ్చుకుంటిని పాపా. చిన్నప్పుడు కారమడై రైలు గేటు కాడ మాయమ్మ కలుపు తీస్తా ఉంటే, నేను మేట్టుపాళయం బండి చూస్తా నిలబడుంటిని. దినమూ చూస్తిని. ఎక్కింది లేదు. ఇప్పుడు నాకు ఆడుకోవాలని ఉండాది. తప్పా?"

తప్పు కాదన్నాను. అన్నం మళ్ళీ వడ్డించాను.

ఆ తర్వాత ఎవరు వచ్చి "మనవడి కోసమా ఫిట్టరన్నా?" అని అడిగినా ఆయన జవాబు ఒకటే. "కాదు, నాకుదా," నాకే అని. అత్తకు తల కొట్టేసినట్టయింది. "తల నెరిసినోడు బొమ్మ పెట్టుకుని ఆడతాడంటే వీధి నగతాది" అంది. "నగనీ" అన్నారు. నగింది. కుళాయి దగ్గర మాటలు నా మీదనుంచి ఆయన మీదికి మళ్ళాయి. ఆయన కావాలనే అలా చేశారని నాకు తెలియడానికి చాలా నెలలు పట్టింది. మాకు పిల్లలు పుట్టలేదు, ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను.

మిల్లులో పారేసిన కదురు ముక్కను ఆకురాయితో అరగదీసి ఆయనే తాళంచెవి చేశారు. తిప్పి నేల మీద వదిలితే ఇంజన్ గది దాటి పోయి రుబ్బురోలుకు కొట్టుకుని పడిపోయింది. చక్రాలు గాల్లో తిరుగుతూనే ఉన్నాయి. మామ నేల మీద బోర్లా పడుకుని, దవడ నేలకు ఆనించి, ఆ చక్రాలు ఆగేదాకా చూశారు. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వగా నేను చూడడం అదే మొదలు.

మరుసటి ఏడాది మిల్లుకు విదేశీ యంత్రాలు వచ్చాయి. వాటిని బిగించడానికి ఒక దొర మూడు నెలలు ఉన్నాడు. ఆయన భాష మామకు రాదు, మామ భాష ఆయనకు రాదు, ఇద్దరూ స్పానర్లతోనే మాట్లాడుకున్నారు. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, రేకు రైలును చూసి, చాప మీద కూర్చుండిపోయాడు. రసం చల్లారిపోయింది. వాళ్ళ ఊరు వెళ్ళాక ఒక పెద్ద పార్సెల్ పంపాడు. కరెంటుతో నడిచే నల్ల ఇంజన్, మూడు ఎర్ర పెట్టెలు, వంపు తిరిగిన పన్నెండు పట్టాలు, ఒక ట్రాన్స్‌ఫార్మర్. అడుగున ఒక రంగుల పత్రిక.

మామ ముందు ఆ పత్రికనే విప్పారు. అందులో అన్నీ పెద్ద మనుషుల ఫోటోలే. బట్టతలలు, నెరిసిన మీసాలు, ముక్కు చివర కళ్ళజోళ్ళు. ఒక్కొక్కరి ముందు మంచమంత బల్ల, బల్ల మీద కొండలు, వంతెనలు, స్టేషన్లు, రైళ్ళు. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క మొహాన్నీ చూపించారు.

"చూడు పాపా, ఈయన నాకంటే పెద్దోడు. ఈయనకు పళ్ళే లేవు. వీళ్ళంతా ఆడతా ఉండారు." తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఏమే, ఇది పైత్యం కాదంట. దీనికి సంఘం కూడా ఉండాది" అన్నారు.

"ఉంటాది, పైత్యానికి ఆసుపత్రే ఉండాది" అంది అత్త లోపలినుంచి.

హాబీ అనే మాట మా ఇంట్లోకి అలా వచ్చింది. అంతవరకు తానొక్కడే వింత మనిషి అనుకుని బతికినవాడికి, కనీసం ఫోటోలోనైనా తోడు దొరికింది. అప్పటినుంచి ఆయన ఇల్లంతా కారమడై చేశారు. వృథా దూదికి ఆకుపచ్చ రంగు వేస్తే చెట్లయ్యాయి. నూలు చుట్టే కాగితపు గొట్టం నీళ్ళ ట్యాంకు అయింది. టీ పెట్టె చెక్కతో స్టేషన్ కట్టారు, గేటు పక్కన వంగి కలుపు తీసే మట్టిబొమ్మను పెట్టారు. స్టేషన్ బోర్డు మన భాషలో కూడా ఉండాలన్నారు. మామా నేనూ ఇద్దరం అరవంలో చదువుకున్నవాళ్ళమే. ఆ బోర్డు కోసం పిల్లల వాచకం తెప్పించుకుని నేను తెలుగు అక్షరాలు దిద్దాను. నేను తెలుగులో రాసిన మొదటి మాట కారమడై. ఇప్పుడు ఇది రాయగలుగుతున్నానంటే దానికి కారణం ఆ బోర్డే.

ఆ ఏడు నవరాత్రి బొమ్మల కొలువులో మెట్ల ముందు కరెంటు రైలును పెట్టాం. మొదటి రోజునుంచి చక్కగా తిరిగింది. సుండల్ గుగ్గిళ్ళ కోసం వచ్చిన ఆడవాళ్ళు బొమ్మల్ని వదిలేసి రైలును చూస్తూ నిలబడ్డారు. ఆయుధపూజ నాడు మిల్లులో పూజ అయ్యాక తన ఖాతాలో, అంటే తన విభాగంలో, పనిచేసే మనుషులందర్నీ మామ ఇంటికి పిలిచారు.

మిల్లు ఊరిలో ఆయుధపూజ కంటే పెద్ద పండగ లేదు. ఆ రోజు యంత్రాలన్నీ ఆగుతాయి, పూలదండలు వేస్తారు, గుమ్మడికాయ కొడతారు, పొరి, అంటే బొరుగులు, పంచుతారు. ఇంట్లో కూడా పనిముట్లన్నీ కడిగి, చందనం కుంకుమ పెట్టి, పూజలో ఉంచుతాం. ఉంచాక మర్నాడు పొద్దునదాకా వాటిని ముట్టకూడదు. "ఏదీ వదలొద్దు, వదిలేస్తే దానికి మనసు కష్టమవుతాది" అంది అత్త. కత్తిపీట, రోలు, సైకిల్, మామ పనిముట్ల సంచి, అన్నిటికీ పెట్టాను. రైలు పనిముట్టు కాదు, కొలువు ముందే ఉండి సాయంత్రం నడవాలి, అయినా ఇంజన్ నొసట పెట్టాను. పెట్టెలకు పెట్టాను. ఆ తర్వాత పట్టాలు కనిపించాయి.

రైలును మోసేది పట్టాలే కదా అనుకున్నాను. చిక్కగా చందనం తీసి, ప్రతి పట్టాకూ రెండు వైపులా వేలి పొడవున పూసి, పైన కుంకుమ పెట్టాను. పన్నెండు పట్టాలకు గంట పట్టింది. అంత మనసుపెట్టి నేను ఏ పూజా చేయలేదు. నన్ను వీధి నోట్లోంచి బయటికి లాగింది ఆయన రైలు ఆటే. ఆ మాట మామతో చెప్పడానికి నాకు నోరు రాదు, అందుకని దాని పట్టాలకు చెప్పుకున్నాను.

సాయంత్రం పదిహేను మంది వచ్చారు. నొసట కుంకుమలు, చేతుల్లో పొరి పొట్లాలు. మామ స్విచ్ వేశారు. రైలు జానెడు కదిలి, వణికి, ఆగింది. చేత్తో తోస్తే ఇంకో జానెడు పోయి ఆగింది. "బండి లేటా ఫిట్టరన్నా?" అని ఎవరో నవ్వారు. "తిరుపుళి తీసి మరలు తిప్పి చూడన్నా" అన్నారు ఇంకొకరు. తిరుపుళి, అదే స్క్రూడ్రైవర్, సంచిలో ఉంది, సంచి పూజలో ఉంది. మామ దానివైపు చూశారు. పట్టాల వైపు చూశారు. తర్వాత నా వైపు ఒక్కసారి చూశారు. నీళ్ళు కావాలేమోనని నేను లోపలికి పోయాను.

చెంబుతో వచ్చేసరికి ఆయన చెబుతున్నారు.

"నిన్న మోటరు విప్పి బిగిస్తిని. సగం తిప్పు వదలకుండా బిగించేసినాను. నా కైదా తప్పు."

కై అంటే మా వైపు చెయ్యి. ఫిట్టర్లు మాట పోయినా ఓర్చుకుంటారు, చెయ్యి తప్పిందంటే ఓర్చుకోరు. పదిహేను మంది మగవాళ్ళ ముందు ఆయన ఆ మాట అనడం విని అత్త కూడా బయటికి వచ్చి చూసింది. వాళ్ళు సుండల్ తిని లేచారు. మామ వీధి చివరిదాకా వెళ్ళి వాళ్ళను సాగనంపి వచ్చారు.

మర్నాడు పొద్దున తడిగుడ్డతో పట్టాలు తుడుస్తుంటే ఎండిన చందనం పెచ్చులుగా ఊడింది. అప్పుడు తట్టింది. పట్టాల్లోనే కరెంటు వస్తుందని, చక్రం దాన్ని తాగితేనే ఇంజన్ నడుస్తుందని ఆయనే నాకు ఎన్నిసార్లు చెప్పారో. గబగబా అన్నీ తుడిచాను. లెక్కకు పదకొండే ఉన్నాయి, ఒకటి లేదు. చూడ్డానికి ఆయనే తీసుంటారనుకున్నాను. గుడ్డను బట్టల రాయి కింద దాచాను. మామ లేచి ఇంజన్ విప్పి, మళ్ళీ మూసి, లేని పట్టా చోట మిల్లు ఇత్తడి బద్దతో తాను అంతకుముందే చేసిపెట్టుకున్న పట్టా ఒకటి పెట్టారు. రైలు నడిచింది.

"చూసినావా పాపా, సగం తిప్పు" అన్నారు.

నేను నోరు తెరిచాను. అత్త కాఫీ తెచ్చింది. మూసేశాను. ఆ మూసిన నోరు ముప్పై అయిదేళ్ళు తెరవలేదు.

"పాత పట్టా ఏమాయె మామా?" అని ఒకసారి అడిగాను. "కొంజం వంగింది" అన్నారు. ఇత్తడి పట్టా అతుకు దగ్గర కొద్దిగా ఎత్తుగా ఉండేది, రైలు దాని మీదికి ఎక్కినప్పుడల్లా టక్ మనేది. ప్రతి ఆయుధపూజకూ మామ ఒకే మాట చెప్పేవారు. "బండి నొసటికి నువ్వు పెట్టు పాపా. పట్టాలు నేను చూసుకుంటా." ఆయన పట్టాల కింది చెక్కలకు మాత్రం చుక్కలు పెట్టేవారు. ఇష్టంకొద్దీ తానే చేసుకుంటున్నారని నేను అనుకున్నాను.

మిల్లు మూతపడింది. సంగు ఆగిపోయిన మొదటి వారం లైనులో ఎవరికీ వేళకు ఆకలి కాలేదు. ఇళ్ళు ఖాళీ చేసి మేము గాంధీపురం వెనక ఒక అద్దె ఇంటికి మారాం. అత్త పోయింది. మామ కళ్ళు మసకబారాయి. అయినా నవరాత్రికి రైలు ఉండాల్సిందే. కుర్చీలో కూర్చుని వినేవారు. టక్ మనగానే "కారమడై వచ్చింది" అనేవారు, ఎందుకంటే ఇత్తడి పట్టా స్టేషన్ ఎదురుగానే ఉండేది.

ఆసుపత్రిలో చివరి ఆదివారం నేను ధైర్యం చేశాను. "మామా, ఒకటి చెప్పాల" అన్నాను. "సెప్పు" అన్నారు. అంతలో సూది వేయడానికి నర్సు వచ్చింది. సూది వేశాక ఆయన నిద్రపోయారు. మళ్ళీ మాట్లాడలేదు.

పదో రోజు ఒక ముసలాయన చేతికర్రతో వచ్చారు. మిల్లులో మామ కింద యంత్రాలకు నూనె పోసిన మనిషి. మన తెలుగువాళ్ళే, చర్చికి పోయే ఇల్లు, అయినా మిల్లు ఆయుధపూజకు అందరికంటే ముందు దండ పట్టుకునేవారు. మామ పటం ముందు కాసేపు కూర్చుని, నన్ను పిలిచారు.

"ఆ రైలు ఇంకా ఉండాదా పాపా? చందనం పూసినావే, ఆ రైలు."

"మీకెట్లా తెలుసు అన్నా?" అన్నాను.

"పట్టా మీద పసుపచ్చగా కనిపిస్తా ఉంటే తెలవదా? మాకు తెలవకపోయినా ఆయన చెప్పినాడు. వీధి కొనలో మమ్మల్నందర్నీ నిలబెట్టి, 'ఆ బిడ్డ భక్తిగా పూసింది. దానికి పడే మాటలు శానా ఉండాయి, ఇది కూడా వద్దు. నా కై తప్పనే ఉండనీ. ఎవుడన్నా నోరు తెరిస్తే మళ్ళా నా మొహం చూడొద్దు' అనె. పదిహేను మందిమి పాపా. నా పెండ్లానికి కూడా నేను చెప్పింది లేదు."

ఆయన వెళ్ళాక నాకు ముందు వచ్చింది కోపం. ఇన్నేళ్ళు నేను గొంతులో ముల్లు పెట్టుకుని అన్నం తిన్నాను, ఆ ముల్లు లేదని తెలిసిన మనిషి నా ఎదురుగానే కూర్చుని మజ్జిగ పోయమన్నాడు. ఒక్క మాట అనకూడదా? అంటే నేను సిగ్గుపడతానని అనలేదు. నేనే చెబితే వినాలని కాచుకుని ఉన్నారేమో, అదీ తెలియదు. ఇక ఎవరిని అడగాలి?

ఇంట్లో చావు జరిగింది కాబట్టి ఈ ఏడు మాకు కొలువు లేదు. నిన్న మధ్యాహ్నం మా ఆయన చేత అటక మీది పెట్టె దింపించాను. రేకు రైలు, కరెంటు రైలు ఉన్నాయి, చివర్లు నలిగిన పత్రిక ఉంది, స్టేషన్, గేటు, మట్టిబొమ్మ, బోర్డు ఉన్నాయి. అన్నిటికీ అడుగున దూదిలో చుట్టిన పొట్లం ఒకటి. విప్పితే వంపు తిరిగిన పట్టా. ఎక్కడా వంగలేదు. రెండు వైపులా వేలి పొడవున చందనం, ఎండి, పగిలి, అయినా అంటుకునే ఉంది. కుంకుమ నల్లబడింది. చందనంలో నా వేలి గీతలు కనిపిస్తున్నాయి. ఆ వేలు పెట్టి చూశాను, ఇప్పుడు సరిపోలేదు.

హాలులో నేల మీద పట్టాలు కలిపి, పక్కన స్టేషన్, బోర్డు, గేటు, మట్టిబొమ్మ పెట్టాను. ఇత్తడి పట్టా తీసేసి ఆ చోట దీన్ని పెట్టాను. మా ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఏంటికి ఇప్పుడు?" అన్నారు. నేను స్విచ్ వేశాను.

నల్ల ఇంజన్ మూడు పెట్టెలతో కదిలింది. సోఫా కిందుగా తిరిగి, స్టేషన్ వైపు వచ్చింది. టక్ మనలేదు. చందనం మీదికి ఎక్కి, వణికి, ఆగింది.

మా ఆయన వంగి జేబురుమాలు తీశారు. "తుడిచేదా?"

వద్దన్నాను. నేల మీద బోర్లా పడుకుని, దవడ నేలకు ఆనించి చూశాను. ఇంజన్ చక్రానికి కొంచెం కుంకుమ అంటింది. దాని వెనక కారమడై బోర్డు, గేటు, వంగి కలుపు తీసే మట్టి ఆడమనిషి.

"మామా, పట్టాలకు చందనం పూసింది నేనుదా" అన్నాను.

ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా మోగుతూనే ఉంది. రైలు అక్కడే నిలబడి ఉంది.